తాహతుకు తగ్గ పెట్రోలు

మా ఎం.డి. త్రివిక్రమరావు గారి కారు ఆగిపోవడానికి ఊళ్ళో చోట్లకేం కొదవ? ఆర్టీసీ కాంప్లెక్సు ముందు ఆగొచ్చు, కోట దగ్గర ఆగొచ్చు, మా ఆఫీసు గేట్లోనే ఆగొచ్చు. అవన్నీ కాదని అది సరిగ్గా చేపల మార్కెట్ ఎదురుగా ఆగింది. అదీ మంత్రిగారు గెస్ట్‌హౌసులో దిగి, "తాటిబెల్లం వాళ్ళింకా రాలేదా?" అని అడిగిన ఘడియలో.

మాది తాటిబెల్లం అభివృద్ధి మండలి. మేం బెల్లం తయారు చెయ్యం, అభివృద్ధి మాత్రమే చేస్తాం. అందుకు మూడంతస్తుల భవనం, మూడు కార్లు, ఒక జనరేటరు ఉన్నాయి, లెక్కకు మించి సిబ్బంది ఉన్నాం. ఎవరైనా పెద్దవాళ్ళొస్తే ఇవ్వడానికి బెల్లం బజార్లో కొంటాం. నేను అక్కడ అసిస్టెంట్ ఇంజనీర్ని. బెల్లం మండలికి ఇంజనీరెందుకని మీకు అనుమానం రావచ్చు. ఉద్యోగం ఇచ్చినవాళ్ళకి రాలేదు కాబట్టి నేనూ తెచ్చుకోలేదు.

కారు ఆగాక ఎం.డి. గారు కాసేపు అటూ ఇటూ చూసి, వేరే దారి లేక షేరాటో ఎక్కారు. రెండు చేపల గంపల మధ్య చోటు దొరికింది. గెస్ట్‌హౌసులో మంత్రిగారు నమస్కారం అందుకుంటూనే ముక్కు ఎగబీల్చి, "మీది బెల్లం శాఖా, మత్స్యశాఖా?" అన్నారు. అందరూ నవ్వారు. ఎం.డి. గారు కూడా నవ్వారు. పైఅధికారి తన మీద వేసిన హాస్యానికి తానే నవ్వాడంటే సాయంత్రానికి కింద ఎవడికో మూడిందని మా ఆఫీసులో గోడలకి కూడా తెలుసు.

ఆ సాయంత్రం కారు డ్రైవరు పైడినాయుణ్ణి సస్పెండు చేశారు. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అన్నారా.

నిజానికి కారు ఎందుకు ఆగిందో నాకు తెలుసు. నన్ను పంపితే నేనొక మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్ళాను. అతను బానెట్ ఎత్తి, బ్యాటరీ మీద వైరు బిగించే టెర్మినల్ వదులైందని చూపించి, పక్కనున్న రాయి తీసి రెండు దెబ్బలేశాడు. కారు స్టార్టయింది. సరిగా బిగించాలంటే కొత్త క్లాంపు వెయ్యాలన్నాడు. ఇదంతా నేను మా జనరల్ మేనేజరు పట్నాయక్ గారికి చెప్పాను. ఆయన ఎవరు చెప్పినా పూర్తిగా వింటారు. ఆయనలో వినని దోషం ఎప్పుడూ లేదు. ఇంకో సంగతి, పాతికేళ్ళు ఫైళ్ళు రాసి రాసి ఆయన మాట కూడా ఫైలు భాషలోకి తిరిగిపోయింది. ఇంట్లో కాఫీ అడిగినా అలాగే అడుగుతారని వినికిడి.

"టెర్మినలు అనునది సిబ్బంది కాదు," అన్నారు పట్నాయక్ గారు. "దానినుండి సంజాయిషీ కోరుటకు వీలుపడదు. పెట్రోలునకు బిల్లు ఉన్నది. బిల్లు మీద పైడినాయుని సంతకము ఉన్నది. కావున వాహనము పెట్రోలు వలననే ఆగినది."

బిల్లు అన్నపూర్ణ సూపర్ బజారుది. రింగురోడ్డు మీద పప్పులూ ఉప్పులూ అమ్మే ఆ పెద్ద కొట్టువాళ్ళు పోయినేడు పక్కనే పెట్రోలు బంకు కూడా పెట్టారు. పేరున్న కంపెనీల కంటే అక్కడ కాస్త చౌక. ట్యాంకు నింపిస్తే ప్లాస్టిక్ బకెట్టు ఉచితం. పైడినాయుడు అక్కడికి తన ఇష్టంతో పోలేదు. పొదుపు పాటించాలి, ఏ వస్తువైనా తక్కువ ధర పలికిన చోటే కొనాలి అని పట్నాయక్ గారే ఆషాఢంలో సర్క్యులర్ ఇచ్చారు. ఆ సంగతి నేను గుర్తు చేశాను.

"చౌకగా కొనమంటిమి," అన్నారాయన ఏమాత్రం తొణక్కుండా. "చౌకబారుది కొనమనలేదు."

చార్జిషీటులో రెండో అభియోగం కూడా చేరింది. పెట్రోలుతోపాటు బకెట్టు స్వీకరించుట. ఆ బకెట్టు ఎక్కడుందని వెతికితే ఎం.డి. గారి బంగళా స్నానాలగదిలో దొరికింది. సాక్ష్యం కాబట్టి స్వాధీనం చేసుకున్నారు. పాపం, ఆ తర్వాత కొన్నాళ్ళు ఎం.డి. గారు పైప్ కిందే స్నానం చేశారట.

ఇక్కడితో ఆగితే అది మామూలు ఆఫీసు. మాది అభివృద్ధి మండలి. ఎం.డి. గారు "ఇంధన గౌరవ పరిరక్షణ సంఘం" వేశారు. ఆయన అధ్యక్షులు, పట్నాయక్ గారు ఉపాధ్యక్షులు, ఇంజన్ల గురించి ఎంతోకొంత తెలిసినవాణ్ణి కాబట్టి మినిట్సు రాసే పని నాకిచ్చారు.

మొదటి సమావేశానికి ముందు నేను ఆయిల్ డిపోకి ఫోన్ చేశాను. అవతలి పెద్దమనిషి ఓపిగ్గానే చెప్పాడు. జిల్లాలో అన్ని బంకులకీ పెట్రోలు వాళ్ళ దగ్గర్నించే, ఒకే ట్యాంకులోంచి వెళ్తుందట. ఖరీదు రకంలో ఇంజను లోపల శుభ్రంగా ఉండేందుకు కొంచెం మందు కలుపుతారట. కలిపితే మంచిదే, కలపకపోతే బండి రోడ్డు మీద నిలబడిపోవడం మాత్రం ఉండదట. సమావేశంలో ఇదే చెప్పాను.

ఎం.డి. గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీరూ నేనూ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసే వచ్చాం కదా?"

"అవునండి."

"ఒకే చోటునుంచి వచ్చాం. అంతమాత్రాన మీరూ నేనూ ఒకటేనా?"

"ఎలా అవుతామండి."

"తేడా ఎక్కడొచ్చింది?"

"పోస్టింగులో వచ్చిందండి."

"పెట్రోలుకీ అంతే," అన్నారు ఎం.డి. గారు. "ఎక్కడ పుట్టిందని కాదు, ఏ బంకులో పోస్టింగు వచ్చిందని చూడాలి."

నేను ఇంజనీరింగులో ఇంధనాల మీద ఒక పుస్తకమంతా చదువుకున్నాను. అందులో ఈ అధ్యాయం లేదు. మినిట్సులో రాసుకున్నాను.

అలా కేడరు వారీ పెట్రోలు నియమావళి వచ్చింది. ఎం.డి. గారికి "స్వర్ణశక్తి" అనే అన్నిటికంటే ఖరీదైన రకం. జనరల్ మేనేజరుకి పేరున్న కంపెనీ మామూలు రకం. నాకూ నాకు దిగువ వాళ్ళకీ బజారు పెట్రోలు. ఒక శ్రేణివారి వాహనంలో ఇంకో శ్రేణివారు కూర్చోరాదు. తప్పనిసరైతే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కూర్చునేవారి హోదాకు తగ్గది పోసి, అప్పుడు బయల్దేరాలి. సీనియర్ అసిస్టెంటుగా ప్రమోషనొచ్చిన ఒకాయన తనకూ ఒక మెట్టు పై పెట్రోలు ఇప్పించమని అర్జీ పెట్టాడు. ఆర్నెల్లు ప్రొబేషను పూర్తయ్యాక చూద్దామన్నారు. ఇంట్లో ఆయన భార్య చుట్టుపక్కలవాళ్ళకి అప్పటికే చెప్పేసుకుందట, పాపం ఆయనకి తలెత్తుకోలేని పరిస్థితి.

అటెండరు నూకరత్నానికి సొంత స్కూటీ ఉంది. ఇంటిదగ్గర బంకులో వేరే రకం లేక ఒకరోజు స్వర్ణశక్తి కొట్టించుకుంది. వాసన పట్టారో, బంకువాడు చెప్పాడో తెలీదు, మర్నాటికల్లా మెమో వచ్చింది. "తాహతుకు మించిన పెట్రోలు కలిగియున్నందులకు" సంజాయిషీ ఇమ్మన్నారు. ఆవిడ నా దగ్గరకొచ్చి, "ఏటి రాయాల బాబూ దీనికి? నా డబ్బులెట్టి నాను కొట్టించుకున్నాను కదా," అంది. సొంత డబ్బు అని రాస్తే అంత డబ్బు ఎక్కడిదని ఇంకో మెమో వస్తుందని చెప్పి, పొరపాటయిపోయిందని రాయించాను. ట్యాంకులోది తీసి జనరేటర్లో పొయ్యమన్నారు. పోసింది.

దాంతో జనరేటరు ఏ కేడరన్న ప్రశ్న లేచింది. మా జనరేటరు చిన్నది, పెట్రోలుతో నడిచేది. కరెంటు పోయినప్పుడు అదే ఎం.డి. గారి గదికీ, మా హాల్లో ఫ్యాన్లకీ సరఫరా. పట్నాయక్ గారు రెండ్రోజులు ఆలోచించి తీర్పు చెప్పారు. ఎం.డి. గారు గదిలో ఉన్నంతసేపు దానికి స్వర్ణశక్తి, ఆయన లేవగానే బజారు పెట్రోలు. ఆయన భోజనానికి లేచినా, బాత్రూముకి లేచినా వాచ్‌మన్ పరుగున వెళ్ళి జనరేటరు ఆపి, ఉన్నది తోడి, రెండోది పోసేవాడు. ఆయన తిరిగి రాగానే మళ్ళీ ఆపి తోడేవాడు. మేం చీకట్లో చెమటలు కక్కుతూ మా హోదాకి తగ్గ పెట్రోలు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఎం.డి. గారికి ఆ వేసవిలో షుగరు ఉన్నట్టు తేలింది. ఆయన బాత్రూముకి లేవడం ఎక్కువైంది. మా పని సంగతి ఇక అడగక్కర్లేదు.

ఇలా అందరం నియమావళిలో తలమునకలై ఉండగా పైడినాయుడు నా గదికొచ్చాడు. సస్పెన్షన్లో ఉన్నవాడు ఆఫీసులోకి రాకూడదు కాబట్టి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఏప్రిల్ నెలాఖరుకి అతనికి రిటైర్మెంట్. విచారణ తేలకుండా రిటైరైతే పింఛను ఆగిపోతుంది. విచారణేమో బజారు పెట్రోలు చెడ్డదా కాదా అని మా సంఘం తేల్చేదాకా నడవదు.

"బాబూ, నాను సదువుకున్నోడ్ని కాదు," అన్నాడు. "ఆ కరీదు పెట్రోలే మంచిదని నానూ అనుకుంతన్నాను. అంత డబ్బెట్టినాక మంచిదవకుండా ఎలగుంటాది? ఈ బజారుది పాడుదో కాదో తేల్చీండి. పాడుదయితే నా ఉజ్జోగం తీసీండి, ఇంటికాడ మేకల్ని కాసుకుంతాను. కాదంటే తప్పు నాది కాదని కాయితం రాసి ఇచ్చీండి. మజ్జిన ఏలాడగట్టకండి బాబూ."

"పింఛనొస్తే చాలదా నాయుడూ? కాగితమెందుకు?"

"పింఛను గావాల బాబూ, ఎందుకక్కర్నేదు? కానీ మా ఊర్లో పెళ్ళికి కారు నడపాలన్నా, రాత్రేళ ఆసుపత్రికి ఎవుల్నైనా తీసుకెళ్ళాలన్నా నన్నే పిలుత్తారు. పైడినాయుడి చేతిలో బండి ఆగదని. ఇప్పుడేమో బండి పాడు సేసినోడని అంటన్నారు. మొన్న మా ఏపు పెళ్ళికి వేరే డ్రైవర్ని పిలిసినారు. నాను పందిట్లో కూకున్నాను."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడే సంఘం ముందు పెట్టాను, శాస్త్రీయంగా పరీక్ష చేద్దామని. శాస్త్రీయం అన్న మాట ఎం.డి. గారికి నచ్చింది. మా మండలిలో ఆ మాట వినపడి చాలా ఏళ్ళయింది.

పరీక్షకి ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. ఒకే రకం కార్లు రెండు. మొదటిది ఎం.డి. గారిదే, అందులో స్వర్ణశక్తి. రెండోది స్టోర్సు కారు, అందులో బజారు పెట్రోలు. విజయనగరం నుంచి చీపురుపల్లిలో మా గోడౌను దాకా వెళ్ళాలి. అక్కడ మండలి అధ్యక్షులు పూలదండలతో, పత్రికలవాళ్ళతో ఎదురుచూస్తారు. రెండో కారు పైడినాయుడే నడపాలని నేను పట్టుబట్టాను. సస్పెండైనవాడు ప్రభుత్వ స్టీరింగు ముట్టుకోకూడదు కదా. పట్నాయక్ గారు ఉత్తర్వు తయారు చేశారు: "సదరు ఉద్యోగి స్టీరింగు పట్టుకొనియున్నంతసేపు సస్పెన్షను సడలింపబడినది. చేయి తీసిన తక్షణము తిరిగి అమలులోనికి వచ్చును." దారిలో చెవి గోక్కోవద్దని పైడినాయుడికి నేను మరీ మరీ చెప్పాను.

బయల్దేరేముందు ఎం.డి. గారి కారు టెర్మినల్ బిగించమని అడిగాను. క్లాంపు ఇంకా వెయ్యలేదు.

"అది సాక్ష్యము," అన్నారు పట్నాయక్ గారు. "సాక్ష్యమును బిగించరాదు."

మధ్యలో ఎవరూ ఇంజన్లో వేలుపెట్టకుండా రెండు కార్ల బానెట్లకీ, పెట్రోలు మూతలకీ తాడు చుట్టి లక్క సీళ్ళు వేశారు. సీలు అకౌంట్సాఫీసరుగారిది. విప్పాలన్నా ఆయన సమక్షంలోనే విప్పాలి. ఆయన ఆ ఉదయమే సీళ్ళు వేసి, పదిహేను రోజులు సెలవుపెట్టి కాశీ రైలెక్కారు.

స్వర్ణశక్తి కాలుతున్నప్పుడు దానికి అర్హులైనవారు కారులో ఉండాలి కాబట్టి ముందు కారులో ఎం.డి. గారు కూర్చున్నారు. ప్రత్యేక అనుమతితో పట్నాయక్ గారు ఆయన పక్కన. వెనక కారులో నేనూ, పైడినాయుడూ. ఇక్కడ మా దగ్గరున్న ఒక ఆచారం చెప్పాలి. అది రూల్సులో ఎక్కడా లేదు, అందుకే దాన్నెవరూ మీరరు. కిందివాడి బండి పైవాడి బండిని దాటి ముందుకు పోకూడదు. వెనక ఓ అరవై అడుగులు ఎడంగా రావాలి. ఒకప్పుడొక ఇంజనీరు తొందర పనుండి ఓవర్‌టేక్ చేశాడు. ఆయన ఇప్పుడు తాటిచెట్టన్నది మొలవని కొండల్లో కూర్చుని తాటిబెల్లం అభివృద్ధి చేస్తున్నాడు.

"అయితే మన బండి ముందెలగెల్తాది బాబూ?" అని పైడినాయుడు అడిగాడు.

"వెళ్ళదు నాయుడూ. కానీ ఆగకుండా వెళ్తే చాలు కదా."

"ఆగదు," అన్నాడతను, రెండు చేతులూ స్టీరింగు మీంచి తియ్యకుండా.

నెల్లిమర్లలో ముంజలు కనపడ్డాయి. ముంజలు మా శాఖకి సంబంధించినవే కాబట్టి ఎం.డి. గారు ఆపించి తనిఖీ చేశారు. డజను దాకా తనిఖీ చేశారనుకుంటాను. మేమూ వెనక ఆగాం. పట్నాయక్ గారు దిగి మా వైపు చూసి ప్యాడు మీద ఏదో రాసుకున్నారు. తర్వాత చూశాను. "బజారు పెట్రోలు వాహనము నెల్లిమర్ల వద్ద అకారణముగా ఆగినది."

గుర్ల దాటాక రోడ్డు మధ్య పెద్ద గొయ్యి ఉంది. ఎం.డి. గారి కారు అందులో పడి లేచింది, ఒకసారి దగ్గింది, చప్పుడు లేకుండా పక్కకి జరిగి నిలబడిపోయింది. మేం అరవై అడుగుల దూరంలో ఆగాం. ముందు కారు డ్రైవరు తాళం తిప్పుతున్నాడు, కారు ఉలకదు పలకదు. పట్నాయక్ గారు గొడుగు వేసుకుని ముందు మా దగ్గరికే వచ్చారు.

"మీరు ఏల ఆగితిరి?"

"మీరు ఆగారని ఆగామండి."

"మేము ఆగుటకు హేతువున్నది. మా వాహనము పనిచేయుట లేదు. మీ వాహనము పనిచేయుచున్నదా?"

"భేషుగ్గా పనిచేస్తోందండి."

"పనిచేయుచూ ఆగినదా!" ఆయన నిజంగానే కంగారుపడ్డారు. "చెడిపోయి ఆగినదానిని బాగుచేయవచ్చును. బాగుండియు ఆగినదానిని ఏమి చేయగలము?" అదీ రాసుకున్నారు.

బానెట్ ఎత్తి రాయితో రెండు దెబ్బలేస్తే సరిపోతుందన్నాను. సీలు ఎవరు విప్పుతారన్నారు. అకౌంట్సాఫీసరుగారు ఆపాటికి ఒడిశాలో ఉంటారు. ఎం.డి. గారిని మా కారులోకి రమ్మన్నాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "అందులో ఉన్నది బజారు పెట్రోలు. నా నియమావళి నేనే మీరనా?" అన్నారు. మా కారులోది తోడి స్వర్ణశక్తి పోద్దామన్నా మూతలకి సీళ్ళే. అవతల చీపురుపల్లిలో అధ్యక్షులవారు దండ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫోను మీద ఫోను. ఎండ నెత్తి మీదికొచ్చింది. రోడ్డున పోయే లారీవాళ్ళు ఆగి తాడు కట్టి లాగమంటారా అని అడిగారు. లారీలో ఉన్నది ఏ పెట్రోలని పట్నాయక్ గారు విచారించారు. డీజిలని చెప్పి వాళ్ళు నవ్వుకుంటూ పోయారు. నియమావళిలో డీజిలు లేదు.

ఎం.డి. గారికి కళ్ళు తిరుగుతున్నాయి. షుగరు మనిషి. అప్పుడు పైడినాయుడు స్టీరింగు వదలకుండానే మెడ బయటికి చాపి, "ఎనకనుంచి మా బండితో తోసీమంటారా బాబూ?" అన్నాడు.

పట్నాయక్ గారు గొడుగు కింద ఆలోచించారు. "తోయునప్పుడు మీ వాహనము మా వాహనమును దాటి పోవుట జరుగదు గదా?"

"ఎలగెల్తాది బాబూ? ముందు మీరే ఉంతారు. నాను ఎనకే ఉంతాను."

"అరవై అడుగుల ఎడము?"

ఆ ఎడం పాటిస్తే తోయడం కుదరదని నేను మనవి చేశాను. తదుపరి ఆమోదానికి లోబడి ఎడం సడలించారు.

రెండు బంపర్ల మధ్య గోనెసంచులు మడతపెట్టి పెట్టాం. పైడినాయుడు మొదటి గేరులో కారుని ఎంత మెల్లిగా ఆనించాడంటే ముందు కారులోవాళ్ళకి తగిలినట్టు కూడా తెలిసుండదు. కదిలాం. చెరువు గట్టు, గరివిడి వీధులు, టీకొట్ల దగ్గర లేచి నిలబడి చూస్తున్న జనం. ముందు కారులో ఎం.డి. గారు జనానికి నమస్కారం పెడుతున్నారు. పైడినాయుడి ముఖమంతా చెమట, తుడుచుకోడానికి చెయ్యి తియ్యలేడు. నా రుమాలుతో నేనే తుడిచాను. ఆ మనిషి మీద నాకెంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

"బాబూ, తేలిపోనాది కదా," అన్నాడతను సంబరంగా. "ఇంకెవులూ సెప్పక్కర్నేదు. సూసినోడికెవుడికైనా తెలిసిపోద్ది."

"తేలిపోయింది నాయుడూ," అన్నాను. అప్పటికి నేనూ మనస్ఫూర్తిగా అలాగే అనుకున్నాను.

చీపురుపల్లిలో బాజాలు మోగాయి. ముందుగా చేరిన కారుకి అధ్యక్షులవారు స్వయంగా దండ వేశారు. మా కారు దాని వెనకే, బంపరుకి బంపరు ఆనుకుని ఉంది. మమ్మల్ని కొంచెం వెనక్కి తియ్యమన్నారు, ఫోటోలో పడుతున్నామని.

వారం తిరక్కుండా నివేదిక తయారైంది. పట్నాయక్ గారు చెబుతుంటే నేను రాశాను. రెండు కార్లలో స్వర్ణశక్తి కారు ముందుగా గమ్యం చేరింది. బజారు పెట్రోలు కారు ఎంత ప్రయత్నించినా దాన్ని దాటలేకపోయింది. పైగా గుర్ల నుంచి చీపురుపల్లి దాకా స్వర్ణశక్తి కారు ఒక్క చుక్క ఇంధనం కూడా వాడుకోలేదు. అదే దూరానికి బజారు పెట్రోలు కారు మామూలుకి రెండింతలు తాగింది. ఏది పొదుపు? ఏది దుబారా? అధ్యక్షులవారికి ఈ ముక్క ఎంతో నచ్చింది.

"అంటే ఈ ఖరీదు పెట్రోలు ఒకసారి పోస్తే చాలు, ఇక ఖర్చవదన్నమాట!"

"గుర్ల దాటినపిమ్మట వ్యయము కాలేదండి," అన్నారు పట్నాయక్ గారు. ఆయన అబద్ధం ఆడరు.

కిందవేపు సంతకం చెయ్యమని నివేదిక నా ముందుకి తోశారు. తోసిన కారు సంగతి ఎక్కడా లేదేమండీ అన్నాను.

"అది తదుపరి ఆమోదమునకు లోబడి జరిగిన కార్యము. ఆమోదము ఇంకను రాలేదు. ఆమోదము రానిది జరిగినట్లు వ్రాయరాదు," అని, కలం మూత తీసి నా చేతికిచ్చారు. "మీరు ఇంజనీరు గనుక మీ సంతకము కావలెను. అభిప్రాయము అక్కరలేదు."

నాకు ఇద్దరు పిల్లలు. తాటిచెట్లు లేని కొండలు కళ్ళముందు కనపడ్డాయి. సంతకం పెట్టాను.

నివేదిక ప్రకారం బజారు పెట్రోలు చెడ్డదని తేలింది కాబట్టి పైడినాయుడి తప్పు రుజువైంది. తప్పు రుజువైనవాణ్ణి తీసెయ్యాలి. కానీ అసలు చిక్కు వేరే ఉంది. ఎం.డి. గారి కారు ఆ తర్వాత మరో రెండుసార్లు ఆగింది. క్లాంపు వేద్దామంటే కారులో లోపం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది, నివేదిక తప్పవుతుంది. కాబట్టి ఉన్నతశ్రేణి వాహనం బయల్దేరినప్పుడల్లా వెనక ఒక "తోడ్పాటు వాహనం" ఉండాలని ఉత్తర్వు వచ్చింది. అందులో బజారు పెట్రోలే వాడాలి. గోనెసంచులకి వేరే మంజూరు. అంత సుతారంగా తోసే చెయ్యి మండలిలో ఇంకెవరికీ లేదు. మానవతా దృక్పథంతో సస్పెన్షను ఎత్తేసి, మందలింపుతో సరిపెట్టి, రిటైరయ్యేదాకా పైడినాయుణ్ణి ఆ కారు మీద వేశారు. పింఛను యథాతథం.

ఉత్తర్వు నేనే అతని చేతికిచ్చాను. ఈసారి అతను గదిలోపలికి వచ్చాడు. చదువు రాదు కాబట్టి చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

"పింఛనొస్తాదా బాబూ?"

"వస్తుంది. మే నెలనుంచే."

"తప్పు నాదేనని ఉందా అందల?"

"ఉంది," అన్నాను.

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఆ మాట ఎక్కడుందో వెతుకుతున్నట్టు. కోపం లేదు. కోపమైనా ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"మీ స్కూటర్లో ఏ పెట్రోలు కొట్టిస్తారు బాబూ?"

"బజారుదే."

"ఎప్పుడైనా ఆగినాదా?"

"లేదు నాయుడూ. ఎప్పుడూ ఆగలేదు."

"మరా మాట రాయకపోనారా?"

భోజనం చేశారా అని అడిగినంత మామూలుగా అడిగాడు. నేను జవాబు చెప్పబోయాను. నోట్లోకి వచ్చినవన్నీ పట్నాయక్ గారి మాటలే: గనుక, కావున, లోబడి. ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు. బల్ల మీది కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

బయట ఎం.డి. గారు బయల్దేరుతున్నారని హారన్ మోగింది. పైడినాయుడు ఉత్తర్వు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎల్తాను బాబూ," అన్నాడు. "ఎనకాల నిలబడాల."